నిరోషా పేరు మీద

"అక్కా, నా హాజరు నువ్వే తీసేసినవట గద. నేనేం జేసిన నీకు?"

ప్రణవి ఆఫీసు గుమ్మంలో నిలబడి అడిగింది. ఏడవలేదు, అరవలేదు. అరిచినా బాగుండేది. ఆ పిల్ల వెనకాల తల్లి భాగమ్మ ఉంది. పొద్దున మొదటి బస్సుకు కొడంగల్ నుంచి వచ్చి, చెప్పులు బయటే విడిచి, రెండు చేతులూ కొంగులో చుట్టుకుని నిలబడింది.

నిరోషాకు ఏమీ అర్థం కాలేదు. తాండూరులోని ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆమె కంప్యూటర్ ఆపరేటరుగా చేరి పదకొండేళ్ళు. హాజరు ఎక్కించేది ఆమే, పరీక్ష దరఖాస్తులు పంపేది ఆమే. ప్రణవి క్లాసు ఎగ్గొట్టే పిల్ల కాదని ఆమెకు తెలుసు. నంబరు కొట్టి చూసింది. యాభై ఎనిమిది శాతం. డెబ్బై అయిదు లేకుంటే పరీక్షకు కూర్చోనివ్వరు. ఆ రోజు గురువారం, సోమవారం నుంచి పరీక్షలు. హాల్‌టికెట్ ఆగిపోయింది. అడుగున సన్నటి అక్షరాల్లో ఒక లైను ఉంది. చివరగా మార్చినవారు: నిరోషా. తొమ్మిదో తారీఖు, పదకొండు నలభై.

తొమ్మిదో తారీఖు పదకొండు నలభైకి నిరోషా తాండూరులోనే లేదు. కాలేజీ ఫైళ్ళ కట్ట చంకలో పెట్టుకుని వికారాబాద్ కలెక్టరేట్‌లో ఒక కిటికీ ముందు నిలబడి ఉంది. ఫైళ్ళు ముట్టినట్టు ముద్ర వేసిన రసీదు ఇంకా ఆమె సొరుగులోనే ఉంది.

ఆమెకు చెవులు మండిపోయాయి.

"నేను చెయ్యలే బిడ్డా," అంది.

"నీ పేరే ఉన్నది గదమ్మా," అంది భాగమ్మ నెమ్మదిగా. "నాకు సదువు రాదు. నా బిడ్డ సదివి చెప్పింది."

జవాబు తెర అంచునే అంటించి ఉంది. పసుపుపచ్చ కాగితం ముక్క మీద సూపరింటెండెంట్ హన్మయ్య గుండ్రటి చేతిరాతలో ఆమె పేరు, ఆమె పాస్‌వర్డ్. మూడేళ్ళ కింద ఆయనే రాసి అంటించాడు. "రేపు నువ్ సెలవు పెడితే పని ఆగొద్దు గదమ్మా" అన్నాడు. ఆ తర్వాత ఆ గదిలోకి వచ్చిన ప్రతివాడూ నిరోషాయే. గుమాస్తా నిరోషా, అటెండరు నిరోషా. ఏసీ గదిలో కూర్చునే సెక్రటరీ బాల్‌రాజ్ కూడా, అవసరం పడితే, నిరోషా. ఒక్క జీతం దగ్గర మాత్రమే నిరోషా ఒక్కతే నిరోషా.

ఆమె పెద్దేముల్ మనిషి. తండ్రి యాకోబు నాపరాయి గనుల్లో ముప్పయ్యేళ్ళు సుత్తె పట్టినవాడు. కూతురు కుర్చీలో కూర్చుని చేసే పని చేస్తున్నదని చర్చి ముందు పదిమందికీ చెప్పుకునేవాడు. ఆ కుర్చీ పోతుందన్న భయంతో నిరోషా చాలా ఏళ్ళు నోరు మూసుకుంది. ఆ భయంతోనే రెండేళ్ళ కింద ఒక కాగితం మీద సంతకం కూడా పెట్టింది.

అప్పుడు పోయింది మల్లిక అనే పిల్ల చదువు. ఆఖరి సంవత్సరం పరీక్ష దరఖాస్తు యూనివర్సిటీకి పోలేదు. ఎవరో వెనక్కి తీసేశారు, నిరోషా పేరు మీదే. "చిన్న పొరపాటు అని రాసియ్యి, ఐపోతది" అన్నాడు హన్మయ్య. ఆమె రాసిచ్చింది. అయిపోయింది, మల్లికకు. ఒక ఏడాది పోతే ఇంట్లోవాళ్ళు ఇక చదువు చాలన్నారు. ఇప్పుడా పిల్ల తాండూరులో బండలకు పాలిష్ పట్టే యూనిట్లో పనిచేస్తోంది. సాయంత్రం పెద్దేముల్ షేర్ ఆటోలో రాతిపొడి పట్టిన కనురెప్పలతో ఒక్కోరోజు నిరోషాకు ఎదురుగానే కూర్చుంటుంది. ఎన్నడూ ఒక్కమాట అనలేదు. ఆ అనకపోవడమే నిరోషాను రెండేళ్ళుగా తింటోంది.

అందుకే ఈసారి ఆమె లేచి తిన్నగా హన్మయ్య బల్ల దగ్గరికి పోయింది.

"తొమ్మిది తారీఖు నా పేరు మీద ఎవరు కూసున్నరు సార్?"

హన్మయ్య కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. మెత్తటి మనిషి, ఎవరినీ గట్టిగా ఒక మాట అనడు. అన్నీ మెత్తగానే చేస్తాడు.

"ఎవరని చెప్తనమ్మా, అందరు కూసుంటరు. గా పిల్ల తోని నీకెందుకు? ఆడపిల్లల బాత్రూముల్ల నీళ్ళు లేవని నలభై మందితోని సంతకాలు పెట్టిచ్చి పైకి పంపింది. సెక్రటరీ సార్‌కు కోపమొచ్చింది. జర సల్లారినంక ఆయనే ఇడుస్తడు."

"సోమవారం పరీక్ష. ఎప్పుడు సల్లారుతడు?"

"నీకెందుకు ఫికర్?"

"నా పేరు పెట్టిండ్రు కాబట్టి ఫికర్!"

గదిలో అందరూ తలలెత్తారు. పదకొండేళ్ళలో ఆమె గొంతు అంత లేవడం వాళ్ళు వినలేదు. గోడ అవతల బాల్‌రాజ్ కూడా విన్నాడు. పిలిపించాడు.

బాల్‌రాజ్‌ది భూమీ, బండల గనులూ ఉన్న ఇల్లు. కాలేజీ ఆయనకు మూడో వ్యాపారం. కూర్చోమనలేదు. తెల్లకాగితం ఒకటి ముందుకు తోశాడు. "పొరపాటున పడ్డదని రాసియ్యి. వచ్చే పరీక్షలకు రాసుకుంటది ఆ పిల్ల. లోకం మునుగుతదా?"

"రాయ సార్."

"ఏందీ?"

"నేను చెయ్యలే. ఆ టైముల నేను వికారాబాద్‌ల ఉన్న. ముద్ర ఉన్నది."

"మొబైల్‌ల చేసినవేమో, ఎవరికి తెల్సు? పదకొండేండ్ల సంది ఈడి అన్నం తింటున్నవ్, జర సోచాయించి మాట్లాడు."

"అన్నం తింటలేను సార్. పని చేస్తున్న."

ఆ మాట తన నోటినుంచే వచ్చిందా అని ఆమె బయటికొచ్చాక గానీ ఆశ్చర్యపోలేదు. తిన్నగా స్టాఫ్ రూముకు పోయి, ప్రణవికి చెప్పే ఐదుగురు లెక్చరర్ల దగ్గరా కాగితపు హాజరు రిజిస్టర్లు అడిగి తెచ్చుకుంది. ఇద్దరు నసిగారు. "ఇయ్యకుంటే ఇయ్యలేదని రాసియ్యుండ్రి" అంటే ఇచ్చారు. భాగమ్మను పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, ఒక్కో రోజూ చదివి వినిపిస్తూ ఎక్కించింది. ఎనభై మూడు శాతం వచ్చింది. ప్రిన్సిపాల్ రిజిస్టర్లు తిరగేసి చూసి, ఎవరి ముఖమూ చూడకుండా హాల్‌టికెట్ మీద సంతకం పెట్టాడు. ప్రణవి పరీక్షలు రాసింది.

కానీ నిరోషా కోపం తగ్గలేదు. ఆ గురువారం ఇంటికి పోయి అన్నం వండుతుంటే పెరిగింది. పసుపు కాగితం చింపి పారేసింది, సరే. పాస్‌వర్డ్ మార్చింది, సరే. హన్మయ్య వెనక నిలబడి రెండు రోజుల్లో మళ్ళీ చూసి పెట్టుకుంటాడు. హాజరు, మార్కులు, ఫీజులు అంటూ పద్నాలుగు వెబ్‌సైట్లలో ఆమె పేరు మీద లాగిన్ ఉంది. పద్నాలుగు పాస్‌వర్డ్‌లు గుర్తుండక, డైరీలో రాసుకుంటే ఆ డైరీ కూడా బల్ల మీదే ఉంటుంది.

ఆదివారం ప్రార్థన అయ్యాక తాండూరులో రైలెక్కి వికారాబాద్ పోయింది. ఆలంపల్లిలో పద్మారాణి మేడం ఉంటుంది. ఒకప్పుడు నిరోషాకు కంప్యూటర్ నేర్పింది ఆమే. ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఎక్కడెక్కడి కంపెనీల సర్వర్లు చూసుకుంటుంది. నిరోషా చెప్పిందంతా విని, అల్మారాలోంచి మూత కీలు విరిగిన పాత ల్యాప్‌టాప్ ఒకటి తీసింది. తెరిస్తే రంగులూ బొమ్మలూ లేవు. నల్లటి తెర, మూలన ఆడుతున్న ఒక చిన్న గీత.

"గిదేంది మేడం? మౌస్ లేదు?"

"లేదు. అన్ని రాసుడే. నీకు టైపింగ్ వస్తది గద, ఇంకేం గావాలె?"

పద్మారాణి చెప్పింది. ఒక్కో పాస్‌వర్డ్ ఒక్కో చిన్న డబ్బాలో ఉంటుంది. అన్ని డబ్బాలకూ ఒకటే తాళంచెవి. ఆ తాళంచెవి కూడా ఊరికే తిరగదు, నువ్వు ఒక మాట చెప్తేనే తిరుగుతుంది. ఆ మాట ఒక్కటి నీ తలలో ఉంటే చాలు. మిగతా పద్నాలుగూ నీకు కూడా తెలియాల్సిన పని లేదు.

"పుట్టినరోజు వద్దు, పిల్లల పేర్లు వద్దు. బైబిల్ వాక్యం అస్సలు వద్దు, పెద్దేముల్ల అందరికి అవే వస్తయ్. ఒకదానికొకటి సంబంధం లేని ఆరు మాటలు అనుకో. నాకు చెప్పకు."

"మర్చిపోతే?"

"మర్చిపోతే నేను తియ్యలేను, దీన్ని తయారుజేసినోడు గూడ తియ్యలేడు. ఒక్క కాగితం మీద రాసి ఇంట్ల దాచు. ఆఫీసుల గాదు."

నిరోషా కళ్ళు మూసుకుని ఆరు మాటలు అనుకుంది. అవేమిటో ఆమె ఎవరికీ చెప్పలేదు, ఈ కథలో కూడా ఉండవు. కొట్టడం మొదలుపెట్టింది. తెర మీద ఏమీ పడలేదు. అక్షరం కాదు కదా, చుక్క కూడా లేదు.

"కీబోర్డు పని చేస్తలేదు మేడం."

"చేస్తది. ఎన్ని అక్షరాలో గూడ పక్కనోనికి తెల్వొద్దని చూపియ్యదు. కొట్టు."

మూడుసార్లు తప్పు వచ్చింది. "ఆ హన్మయ్య ముఖం కండ్ల ముందట నుంచి పోతలేదు మేడం," అంది పళ్ళు బిగబట్టి.

"కోపముంటే కోపంతోనే నేర్చుకో. తొందరగ వస్తది."

నిజంగానే తొందరగా వచ్చింది. కొత్త పాస్‌వర్డ్ పుట్టించమని ఒక లైను రాస్తే, ఏ నోటికీ తిరగని ఇరవై నాలుగు అక్షరాలు పుట్టి డబ్బాలో పడేవి. ఇంకో లైను రాస్తే అది తెర మీద కనబడకుండానే నకలై, అడిగిన చోట అతుక్కునేది. నలభై అయిదు సెకన్లు దాటితే ఆ నకలు తుడుచుకుపోయేది. డబ్బాలో ఏది ఎప్పుడు మారిందో వరసగా చూపించే పట్టీ కూడా ఉంది. ఆ పట్టీని నిరోషా చాలాసేపు చూసింది. అలాంటిది ఒకటి రెండేళ్ళ కింద ఉంటే మల్లిక బండల యూనిట్లో ఉండేది కాదేమో అనిపించింది. తర్వాత, కాదు, అప్పుడు ఏమున్నా నేను సంతకం పెట్టేదాన్నే అనిపించింది. రెండో ఆలోచనకు కోపం హన్మయ్య మీద నుంచి తన మీదికే తిరిగింది.

సోమవారం ఆమె మేడం ఇచ్చిన ఆ ల్యాప్‌టాప్‌ను ఆఫీసుకు తెచ్చుకుని పద్నాలుగు పాస్‌వర్డ్‌లూ మార్చేసింది. పనిని మాత్రం ఆపలేదు. హన్మయ్యకూ, బాల్‌రాజ్‌కూ, ఇద్దరు గుమాస్తాలకూ ఎవరి పేరు మీద వాళ్ళకు లాగిన్ ఇమ్మని దరఖాస్తు రాసి, ప్రిన్సిపాల్‌తో సంతకం పెట్టించి పంపింది. అవి వచ్చాక నాలుగు కవర్లలో పెట్టి, ముట్టినట్టు సంతకం తీసుకుని మరీ ఇచ్చింది. గుమాస్తాలు తీసుకున్నారు. హన్మయ్య కవరును తేలు పిల్లను పట్టుకున్నట్టు కొసన పట్టుకున్నాడు.

"నాకెందుకమ్మా గిది? నీది ఉండె గద."

"నాది నాదే సార్. మీది మీది."

రెండు రోజులు ఆయన ఆమె కుర్చీ వెనకే తిరిగాడు. ఒకసారి ఫోన్ ఎత్తిపట్టి కెమెరా తీశాడు. నిరోషా ఆరు మాటలూ కొట్టింది. తెర నల్లగా అట్లాగే ఉంది. వెనక్కి తిరిగింది.

"వచ్చిందా సార్ ఫోటో? జర నాకు గూడ చూపియ్యుండ్రి, ఎట్లున్నదో."

ఆయన ముఖం కందిపోయింది. ఆ సాయంత్రమే మెమో వచ్చింది. కాలేజీ పాస్‌వర్డ్‌లు సెక్రటరీకి అప్పగించాలని. ఆమె అదే కాగితం వెనక జవాబు రాసింది. కాలేజీ పనులన్నీ ఎవరి లాగిన్‌తో వారు చేసుకోవచ్చు. నా పేరు మీద ఉన్నది అప్పగిస్తే నేను చేయని పనికి నేను బాధ్యురాలిని అవుతాను. అందుకని ఇవ్వను. ఇట్లు, నిరోషా.

ఆ వారంలోనే ఆటోలో మల్లిక ఎదురుగా కూర్చుంది. నిరోషా ఇక ఆగలేకపోయింది.

"మల్లికా, నీ దరఖాస్తు నేను తియ్యలే. కానీ తీసిన అని సంతకం పెట్టింది నేనే. నౌకరి పోతదని పెట్టిన."

మల్లిక తల తిప్పింది. రెప్పల మీది పొడి అట్లాగే ఉంది. "నాకు తెల్సు," అంది. "అప్పుడే తెల్సు. ఇప్పుడు చెప్తే నాకేమొస్తది? నీ గుండె బరువు దిగనీకి నేను దొరికిన్నా?"

ఆటోలో ఏడుగురున్నారు. అందరూ విన్నారు. నిరోషా ఆ మాట పడింది, పడాల్సినదే అనుకుంది. మర్నాడు జరిగింది జరిగినట్టు రెండు పేజీలు రాసి, పాత కాగితం అబద్ధమని, ఎవరు రాయమన్నారో పేరుతో సహా రాసి, సంతకం పెట్టి, మల్లిక ఇంటికి పోయి చేతిలో పెట్టింది. "గిది పట్టుకొని యూనివర్సిటీకి పో. నా నౌకరి సంగతి చూడకు." మల్లిక తీసుకుంది. కూర్చోమనలేదు.

తర్వాత పది రోజులకు అసలు సంగతి బయటపడింది. మధ్యాహ్నం భోజనాలప్పుడు గోడ అవతల బాల్‌రాజ్ గొంతు వినబడింది. ప్రణవితో పాటు నీళ్ళ కోసం సంతకాలు తిప్పిన ముగ్గురు పిల్లల పేర్లు చెప్తున్నాడు. వచ్చే పరీక్షలకు వాళ్ళ హాజరు కూడా కొయ్యమంటున్నాడు. నిరోషా అన్నం ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"ఎట్ల జేయాలె సార్," హన్మయ్య గొంతు సన్నగా వచ్చింది. "ఇప్పుడు నా పేరు మీద పడ్తది."

"పడితే ఏమైతది?"

"పేరు పడ్తది సార్. టైము గూడ పడ్తది. రేపు ఎవరన్న అడిగితే నేను జైలుకు పోవాలె. నాకింక రెండేండ్ల నౌకరి ఉన్నది. నాతోని గాదు. నిరోషాది ఇప్పియ్యుండ్రి, చేస్త."

నిరోషా చెయ్యి కూడా కడుక్కోకుండా లోపలికి పోయింది.

"ఏమంటిరి సార్? మీ పేరు పడ్తదని భయమా? నా పేరు పడ్డప్పుడు ఏమన్నరు? చిన్న పొరపాటు, రాసియ్యి, ఐపోతది! మీకు రెండేండ్లు ఉన్నది. మల్లికకు ఎన్నేండ్లు ఉండె? లెక్కబెట్టిండ్రా?"

"నిరోషా, బయటికి నడు," అన్నాడు బాల్‌రాజ్.

"పోతున్న సార్. కానీ మీ లాగిన్ మీ టేబుల్ మీద కవర్ల ఉన్నది, ఇంక చింపలే మీరు. అంత కోపముంటే చింపుండ్రి. మీ పేరు మీద మీరే కొట్టుండ్రి. నేర్పిస్త గావాలంటే!"

బాల్‌రాజ్ కవరు వైపు చూశాడు. ముట్టుకోలేదు. ఆయనా ముట్టుకోలేదు, ఈయనా ముట్టుకోలేదు. ముగ్గురు పిల్లల హాజరు ఎట్లున్నది అట్లనే ఉండిపోయింది.

గెలిచినట్టు అనిపించాలి. నిరోషాకు అనిపించలేదు. చేతికి అంటిన పప్పు ఎండిపోతుంటే కొళాయి దగ్గర నిలబడింది. ఇంతేనా అనుకుంది. వీళ్ళ ధైర్యమంతా తన పేరు చాటున దాక్కున్నంత సేపేనా! ఎవడి పేరు వాడికి తగిలిస్తే ఆగిపోయే పని కోసం ఒక పిల్ల రాతిపొడి మింగుతోంది. కొళాయిలో నీళ్ళు రాలేదు. అదీ మండింది. బకెట్లో మిగిలిన నీళ్ళతో కడుక్కుంది.

నెలాఖరుకు ఆమెను ఆఫీసు నుంచి తీసి లైబ్రరీలో వేశారు. తీసెయ్యడానికి మాత్రం ధైర్యం చాలలేదు. ఆ రెండు పేజీల కాగితం యూనివర్సిటీలో ఫిర్యాదుగా నంబరు పడి ఉందని అప్పటికే అందరికీ తెలిసింది. వెళ్ళేముందు నిరోషా పద్నాలుగు చోట్లా తన లాగిన్ మూయించింది. "ఈ తేదీ తర్వాత నా పేరు మీద ఏం జరిగినా అది నేను కాదు" అని ఉత్తరం ఇచ్చి, ప్రిన్సిపాల్ ముద్ర వేసిన నకలు తీసుకుంది. మల్లికకు మిగిలిపోయిన పరీక్షలు రాసుకోమని యూనివర్సిటీ నుంచి జవాబు వచ్చిందని కూతురి నోట విని భాగమ్మ ఒకరోజు బస్టాండ్‌లో చెప్పింది. మల్లిక చెప్పలేదు. చెప్పాలని నిరోషా అనుకోలేదు కూడా.

లైబ్రరీలో కిటికీ పక్కన విరిగిన కీలు ల్యాప్‌టాప్ పెట్టుకుంది. మొదటి వారం ఎవరూ రాలేదు. రెండో వారం, రిజిస్టర్ ఇవ్వడానికి ఆ రోజు నసిగిన లెక్చరరమ్మ ఒకామె వచ్చి, తలుపు దగ్గరగా వేసి, మార్కులు తన పేరు మీద ఎవరో మారుస్తున్నారంది. తర్వాత ఇంకొకామె వచ్చింది. ఇప్పుడు మధ్యాహ్నం భోజనాలయ్యాక ముగ్గురు నలుగురు ఆ బల్ల చుట్టూ కూర్చుంటున్నారు. నిరోషా మెత్తగా నేర్పదు. ఆమెకు ఓపిక తక్కువ, ఆ కోపం ఇంకా పోలేదు, పోవాలని ఆమెకూ లేదు. కొత్తగా వచ్చినామె నల్లతెర చూసి బెదిరి, ఒక్కో అక్షరాన్నీ వేలితో వెతుక్కుంటూ తన ఆరు మాటలూ గొణగడం మొదలుపెడితే, నిరోషా బల్ల మీద అరచేత్తో కొట్టింది.

"బయటికి సదువకు! నాకు గూడ వినబడొద్దు. మనసుల అనుకొని కొట్టు."

ఆమె నోరు మూసుకుని కొట్టసాగింది.